మళ్ళీ వచ్చే వారం

సేయూన్ వచ్చిన కొత్తలో
మా అక్కకు ఉత్తరం రాశాను:
"ఇక్కడి ఆడవాళ్ళకు ముఖాల్లేవు.
నల్లటి నీడలు గోడ వారగా నడిచిపోతుంటాయి.
పాపం."
ఆ "పాపం" కింద గీత కూడా గీశాను.

ఇప్పుడా ఉత్తరం గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.
అలాగని
రాసిందంతా అబద్ధమనీ అనలేను.

నా పని కళ్ళు చూడటం.
మట్టి మేడ కింది గదిలో, మంగళవారాలు, ఆడవాళ్ళకు మాత్రమే.
తలుపు గడియ పడగానే
నల్ల వలువలన్నీ మూలన కుప్పపడతాయి.
నారింజ రంగు గౌన్లు, గోరింట చేతులు,
అత్తల మీద చాడీలు, తేనె ధరలు,
పళ్ళూడిన బహియా ముసలమ్మ మోటు సామెతలు
ఒక్కసారిగా గదంతా కమ్ముకుంటాయి.
నా పేరు ఫెమ్కే. వాళ్ళకు నోరు తిరగదు.
"కళ్ళజోళ్ళ తల్లీ" అంటారు.
పిల్లల్లేని నన్ను తల్లీ అనడం వాళ్ళకేం వింత కాదు.
నాకే, ఆ పిలుపు విన్నప్పుడల్లా
ఏదో ఒక అద్దం తుడిచే పని పడుతుంది.

గోడ మీద పటం.
మూడు కాళ్ళ గుర్తొకటి, వరస వరసకీ చిన్నదౌతూ.
కాళ్ళు ఎటు తిరిగాయో వేలితో చూపితే చాలు.
చదువు రానక్కర్లేదు.

ముజ్నాకు పదిహేడు.
ఆరో తరగతితో బడి ఆగింది.
కుడికి తిరిగితే ఎడమ చూపించింది, పైకి తిరిగితే కింద.
అన్ని వరసలూ తప్పే,
చీమ తలంత గుర్తులున్న
ఆఖరి వరసతో సహా.

గుడ్డిగా చెప్పినా నాలుగింట ఒకటి తగలాలి.
ఒక్కటీ తగలలేదంటే
అన్నీ కనబడి ఉండాలి.

దీపం వేసి చూశాను.
వరద తగ్గి తేరుకున్న నీళ్ళలాంటి కళ్ళు.
బతిమాలలేదవి. నేనేం చేస్తానో చూస్తున్నాయి, అంతే.
బయట పికప్ బండిలోంచి అన్న హారన్ కొట్టాడు.

కార్డు మీద రాశాను:
మళ్ళీ వచ్చే వారం.

ఏడు మంగళవారాలు.
పరీక్ష అయ్యాక నా బల్ల దగ్గరే ఉండిపోయేది.
కార్డులు పేర్ల వరసన సర్దేది.
మా దేశంలో నేల సముద్రం కంటే కిందుంటుందంటే నమ్మక
"మరి నిద్రెలా పడుతుంది మీకు?" అనేది.

అన్న అవద్ చెడ్డవాడని రాయాలనుంది. రాయలేను.
ఎండలో గంటలకొద్దీ బండిలో కూర్చుంటాడు,
నాకు ఖర్జూరాలు పంపుతాడు,
చెల్లెల్ని కంటికి రెప్పలా చూసుకుంటాడు.
రెప్ప సంగతి అతనికంటే నాకు కొంచెం ఎక్కువ తెలుసు:
తెరుచుకోని రెప్పకు
మా పుస్తకాల్లో ఒక జబ్బు పేరుంది.

ఎనిమిదో వారం తలుపు సందులోంచి అడిగాడు:
"ఇంత చూపు తక్కువైతే అద్దాలివ్వరేం?"

ఉత్త గాజు బిగించి ఇచ్చాను. పవర్ సున్నా.
ముజ్నా పెట్టుకుంది.
"అన్నీ కనిపిస్తున్నాయి" అంది, అన్నకు వినిపించేలా.
చెప్పులు వెతుక్కోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

తర్వాతి మంగళవారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.
"ఎవరి కోసమే, కళ్ళల్లో ఒత్తులేసుకుని?"
బహియా అడిగింది.
ఆ రాత్రి అక్కకు రాయబోయి
"పాపం" దగ్గర ఆగిపోయాను.
ఎవరి పేరు పక్కన పెట్టాలో తెలీక
కలానికి మూత పెట్టేశాను.

నాలుగో వారం, హారన్.
ముజ్నా ముసుగు తీసి గుప్పిట విప్పింది.
ఎడమ అద్దం మూడు ముక్కలు.
చెయ్యి జారిందట.
జారిపడ్డ గాజు అలా పగలదు.
నట్టనడుమ ఒకే ఒక్క దెబ్బ, రోకలి మొనంత.
ఫ్రేముకింకా అల్లం కాఫీ వాసన.

"కొత్త గాజు మా దేశం నుంచి రావాలి,"
తలుపు సందులోకి చెప్పాను.
"ఎన్నాళ్ళు?"
"చెప్పలేం. ఓడలు ఆలస్యం."

సొరుగు నిండా గాజే.
ముజ్నా అప్పటికే
కార్డుల పెట్టె ముందుకు లాక్కుంది.